తెలియును, వ్రాయలేను

అది 1946 డిసెంబరు. తిరుపతిలో నేను పనిచేసే కాలేజీ పెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. గోడలకు సున్నం వాసన పోలేదు. లైబ్రరీకి బీరువాలు వచ్చాయిగాని పుస్తకాలు రాలేదు. నేను అక్కడ తెలుగు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు, గణితం చెప్పేవాళ్ళను లెక్చరర్లు అనేవారు, మమ్మల్ని మాత్రం పండితులు అనేవారు. జీతంలోనూ ఆ తేడా ఉండేది, స్టాఫ్ రూములో కుర్చీ వేసే చోటులోనూ ఉండేది. ఆ ఉక్రోషమంతా నేను ఎర్రసిరాతో తీర్చుకునేవాణ్ణి. నా చేతిలో నలభై మార్కులు దాటినవాడు మిఠాయి పంచుకునేవాడని చెప్పుకునేవారు. అది విని నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

ఇంటర్మీడియట్ రెండో ఏడు పిల్లలకు మార్చిలో యూనివర్సిటీ పరీక్ష జరిగేది. దానికి ముందు డిసెంబరులో కాలేజీ తానే ఒక పరీక్ష పెట్టేది. దాన్ని సెలెక్షన్ పరీక్ష అనేవాళ్ళం. అందులో తప్పినవాళ్ళను యూనివర్సిటీ పరీక్షకు పంపరు, డిటెయిన్ చేస్తారు. అంటే అదే క్లాసులో మరో ఏడు కూర్చోబెడతారన్నమాట. కాలేజీకి మంచి పేరు రావాలని ప్రిన్సిపాల్ గారు ఆ ఏడు చాలా గట్టిగా ఉన్నారు. ప్రశ్నపత్రం తయారుచేసేది నేనే, దిద్దేదీ నేనే, ఎవరు నిలుస్తారో ఎవరు పోతారో తేల్చేదీ నేనే. అంత అధికారం చేతిలో ఉన్నప్పుడు మనిషికి కాస్త కళ్ళు నెత్తికెక్కుతాయి.

ఆ క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. వాళ్ళలో పెళ్ళయింది కనకమ్మ ఒక్కతే. అత్తవారిది ఐరాల. చెరకు పండించి బెల్లం వండే కుటుంబం. ఇక్కడ తన పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. ఏడాదిన్నరలో ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కిటికీ పక్క బెంచీలో కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. బట్టీపట్టే రకం అని నేను మొదటి నెలలోనే తీర్మానం చేసేశాను.

ఆమె సెలెక్షన్ పరీక్ష పేపరు దిద్దినప్పుడు నా తీర్మానానికి రెండు సాక్ష్యాలు దొరికాయి.

మొదటిది వ్యాసం. ‘మీ ఊరిలో జరుగు ఒక పనిని వర్ణింపుడు’ అని అడిగాను. కనకమ్మ బెల్లం వండడం గురించి రాసింది. వ్యాసం బాగుంది, బాగుండడమే నాకు అనుమానం తెచ్చింది. పైగా అందులో ఆరు చోట్ల ‘పంచదార’ అని ఉంది. నేను కృష్ణా తీరం నుంచి వచ్చినవాణ్ణి. పంచదార అనేది మా వైపు మాట. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ చక్కెర అనే అంటారు, ఇంకా చెప్పాలంటే ‘సక్కెర’ అంటారు. ఐరాల కోడలికి మా ఊరి మాట ఎక్కడిది? బెజవాడలో అచ్చయ్యే బజారు నోట్సులోదే అయి ఉంటుంది! దొంగను పట్టుకున్న పోలీసులాగా సంబరపడి, ‘స్వంత రచన కాదు’ అని రాసి వ్యాసానికి సున్నా వేశాను.

రెండోది వ్యాకరణం. ‘చక్రము పాణియందు గలవాడు అను విగ్రహవాక్యమునకు సమాసము కూర్చి, ఆ పదము ఆధారముగా బహువ్రీహి లక్షణమును వివరింపుడు’ అన్నది ప్రశ్న. విగ్రహవాక్యం అంటే సమాసాన్ని విప్పి చెప్పే వాక్యం. బహువ్రీహి అంటే, కలిసిన రెండు పదాలూ తమను తాము కాకుండా వేరే ఎవరినో చెప్పే సమాసం. చక్రపాణి అన్నప్పుడు చక్రమూ కాదు, చెయ్యీ కాదు, విష్ణువు. హైస్కూలు పిల్లవాడు కూడా రాయగల జవాబు. కనకమ్మ ప్రశ్న సంఖ్య వేసి, కింద ఒక్క వాక్యం రాసి, అరపేజీ ఖాళీగా వదిలేసింది.

‘జవాబు తెలియును, వ్రాయలేను.’

ఇంత పొగరా అనుకున్నాను. దానికీ సున్నా. ముప్పై అయిదు వస్తే ప్యాసు, ఆమెకు ముప్పై ఒకటి వచ్చాయి. డిటెయిన్ చేయవలసినవాళ్ళ జాబితాలో ఆమె పేరు చేర్చి ఆఫీసుకు పంపించాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట నేను స్టాఫ్ రూములో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఒక పెద్దాయన గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. వెనకాల కనకమ్మ ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"దండాలు అయివారూ. నా పేరు మునెప్ప. ఈ పిల్ల నా కోడలు" అన్నాడాయన. "తప్పిపోయినాదంటనే?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నా కొడుకు మిలిట్రీలో ఉండాడు సామీ. పెండ్లయినాక వాడే జాబు రాసినాడు, దాన్ని సదివించు నాయనా, టీచరు పని సేసుకుంటాది అని. సరే అన్నాను. ఊర్లో నాలుగు మాటలు పడినాను. ఒక్క తూరి తప్పినా మాన్పిస్తానని మా ఇంట్లో ఆడోళ్ళకి మాటిచ్చినాను. ఇప్పుడు నేనేం సేసేది? ఈ పిల్ల సదవలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే వచ్చినాను."

నేను కాగితాల కట్ట విప్పి ఆమె పేపరు తీశాను. "చదవకపోవడం కాదు మునెప్పగారూ, నోట్సు చూసి కాపీ కొట్టింది. మీ అమ్మాయి స్వంతంగా రాసింది కాదిది" అన్నాను, కొంచెం దర్జాగానే.

"ఏదీ, సదవండి సామీ."

సరే, వినిపిస్తే తనకే తెలుస్తుందని వ్యాసం పైకి చదివాను. పాకం ముదిరిందీ లేనిదీ ఎలా తెలుసుకోవాలో రాసిన వాక్యం రాగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్ళల్లో ఏస్తే ఉండ కట్టి, ఆ ఉండని కొడితే ఖంగుమనల్ల. అది నేను సెప్పిన మాట! పోయిన మాఘమాసంలో పొయ్యికాడ నిలబడి అడిగింది ఈ పిల్ల. ఇంగ ఏ పుస్తకంలో ఉండాది సామీ ఆ మాట?"

నేను పేజీ తిప్పాను. అయినా పట్టు వదల్లేదు. "మరి ఈ పంచదార ఏమిటి? మీ ఇంట్లో ఎవరంటారు ఆ మాట?"

మునెప్ప కోడలి వైపు చూసి, నా వైపు చూశాడు. "సక్కెర అనదు సామీ మా కోడలు. ఇంట్లో తెల్లబెల్లం అంటాది."

ఎందుకో అర్థం కాలేదు. ఇక ఆఖరి అస్త్రం తీశాను. "అమ్మా కనకమ్మా, ఇదిగో, ఇప్పుడు నోటితోనే చెప్పు. చక్రము పాణియందు గలవాడు. ఒక్క మాటలో చెప్పు, నీకు మార్కులు వేసేస్తాను."

కనకమ్మ తల వంచుకుంది. కళ్ళనీళ్ళు టపటపా నేల మీద పడ్డాయి.

"అయివారూ!" అన్నాడు మునెప్ప. ఆ గొంతులో కోపం లేదు, నా తెలివితక్కువతనానికి జాలి ఉంది. "అది మా వాని పేరు గదా సామీ! సక్రపాణి! కట్టుకున్నది ఎట్ల పలుకుతాది?"

కుర్చీలోంచి లేచానో, కూర్చునే ఉన్నానో నాకిప్పుడు గుర్తులేదు. హాజరు రిజిస్టరులో ఆమె తండ్రి పేరే ఉంది. భర్త పేరు ఏమిటని నేనెన్నడూ అడగలేదు. సక్రపాణి, సక్కెర. ఈ ఊరి నోట ఆ రెండు మాటలూ ఎంత దగ్గరగా వినిపిస్తాయో, అన్నేళ్ళు వ్యాకరణం నూరిన నా చెవికి తెలియలేదు. ఆ పేరు పోలిక తగిలే మాట కూడా అనకూడదని ఆ పిల్ల మా ఊరి మాట వెతికి తెచ్చుకుంది.

"రాయవచ్చు కదమ్మా" అన్నాను.

"నోటితో పలికినా సేత్తో రాసినా ఒకటే గదా సార్" అంది కనకమ్మ. ఏడాదిన్నరలో ఆమె నాతో అన్న మొదటి పెద్ద మాట అది. "పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాదంట. యుద్ధం అయిపోయినాదని అందరూ అంటా ఉండారు. ఆయన ఇంకా మలయాలోనే ఉండారు. జాబు వచ్చి మూడు నెల్లాయె. నాకు భయం సార్. నాలుగు మార్కులకి నేను ఆ పని సెయ్యలేను."

మూఢనమ్మకమని చెప్పబోయి నోరు మూసుకున్నాను. మలయాలో ఉన్నది నా మనిషి కాదు.

మళ్ళీ అడిగాను. "పోనీ, ఆ పదం వద్దు. ఇంకేదైనా మాటతో బహువ్రీహి అంటే ఏమిటో చెప్పు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముక్కంటి అంటే మూడూ కాదు, కన్నూ కాదు సార్. ఆ రెండు మాటలూ ఈడ ఉంటాయి. అవి సూపించే ఆయన ఆ మాటల్లో ఉండరు, యాడో దూరంగా ఉంటారు. మాట ఈడ, మనిషి ఆడ. అదే బహువ్రీహి."

నా సర్వీసులో ఆ లక్షణాన్ని వందలమంది నాకు అప్పజెప్పారు, ‘అన్యపదార్థ ప్రధానము’ అని. అర్థం చేసుకుని చెప్పినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

ఇంటికి వెళ్ళి అన్నం తింటూ మా ఆవిడకు ఈ కథ చెప్పాను. ఆమె పులుసు వడ్డిస్తున్నదల్లా గరిటె ఆపి నన్ను తేరిపార చూసింది.

"పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను మీ పేరు పలకగా ఎప్పుడైనా విన్నారా?"

"లేదు."

"మరి ఆ పిల్ల ఎందుకు రాయలేదో తెలియడానికి ఐరాల నుంచి మామగారు రావాలా? ఆయన, ఇంట్లోవాళ్ళు, అబ్బాయి నాన్న... మేం పొద్దున లేస్తే మాట్లాడేదంతా మీ బహువ్రీహే కదండీ. వెళ్ళి ఆ మార్కులేవో సరిచెయ్యండి ముందు."

చెయ్యి కడుక్కుని తిన్నగా కాలేజీకి తిరిగి వచ్చి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఆయన గణితం మనిషి, నవ్వడం తక్కువ. జాబితా టైపు చేయించేశామనీ, ఒకరికి మార్కులు మారిస్తే రేపు అందరూ వస్తారనీ అన్నారు. అసలే పండితుణ్ణి, పైగా తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాణ్ణి. అయినా ఆయన కూర్చోమనకుండానే కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కారణం కాగితం మీద ఉండాలి. తప్పు అభ్యర్థిదా, ప్రశ్నదా?" అని అడిగారు.

"పరీక్షకుడిదండీ" అన్నాను.

అదే రాసి సంతకం పెట్టాను. వ్యాసానికి ఇరవైకి పదహారు వేశాను. నా చేత్తో అంతకుముందు ఎవరికీ అన్ని వేయలేదు. కనకమ్మ పేరు డిటెయిన్ జాబితాలోంచి తీసి, యూనివర్సిటీకి పంపే జాబితాలో చేర్చారు. స్టాఫ్ రూములో నాలుగు రోజులు నా మీద జోకులు నడిచాయి. పడ్డాను.

ఆ తర్వాత నేను ఏ ప్రశ్నపత్రం రాసినా రెండుసార్లు చదివేవాణ్ణి, మొదటిసారి పండితుడిగా, రెండోసారి కిటికీ పక్క బెంచీలో కూర్చున్న పిల్లగా. ఖాళీ వదిలిన కాగితం కనిపిస్తే సున్నా వేసే ముందు పిలిచి అడిగేవాణ్ణి. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు, నిజంగానే చదివి ఉండేవాళ్ళు కాదు. అయినా అడగడం మానలేదు. పిల్లలకు ఏమి తెలుసో కనుక్కోవడం మన పని, ఏమి రాశారో లెక్కపెట్టడం అందులో ఒక భాగం మాత్రమే. ఇంత చిన్న సంగతి నాకు నలభయ్యో ఏట తెలిసింది.

కనకమ్మ యూనివర్సిటీ పరీక్షలో సెకండ్ క్లాసులో ప్యాసయింది. టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకోవడానికి జూన్‌లో కాలేజీకి వచ్చింది. వరండాలో నన్ను చూసి పరుగులాంటి నడకతో ఎదురొచ్చింది.

"జాబు వచ్చింది సార్! వచ్చే నెల ఓడ ఎక్కతారంట!"

ఆ ముఖం చూస్తే నాకే ఓడ ఎక్కుతున్నంత ఆనందమయింది. ఇద్దరం ఆఫీసు కిటికీ దగ్గరికి నడిచాం. లోపల గుమాస్తా కొత్తవాడు. తల ఎత్తకుండా ఫారం నింపుతూ పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఆమె చెప్పింది. "భర్త పేరు?" అన్నాడు.

కనకమ్మ నా వైపు చూసింది.

"చక్రపాణి" అన్నాను నేను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక విద్యార్థికి నేను జవాబు అందించింది ఆ ఒక్కసారే.