గద్వాల బండిలో వెనక సీటు ట్రయల్: ఉప్పునుంతల దిక్కు ఒక ఎండాకాలపు రోజు

బండి కొనేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని చూసి బేరం కుదుర్చుకుంటారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెనక సీట్లో కూర్చుని నడుములు విరగ్గొట్టుకునేది మాత్రం నాలాంటివాళ్ళు. వనపర్తిలో మా ఇంట్లో ఏడుగురం. మేమిద్దరం, మా పిల్లలిద్దరు, అత్తమ్మ, మరిది, తోడికోడలు. ఎక్కడికి పోవాలన్నా జీపు కిరాయికి మాట్లాడుకుని, ఒకరి ఒళ్ళో ఒకరం పడి, వాంతుల కవర్లు పట్టుకుని పోవడమే. ఈసారి మూడు వరుసల సీట్ల బండి కొనాలనుకున్నప్పుడు నేను ముందే చెప్పేశాను, చివరి వరుసలో కూర్చుని చూసేది నేను, నేను సరేనంటేనే పైసలు కదలాలి అని. "నీకు బండ్ల గురించి ఏం తెలుసు సుజాతా?" అన్నాడు మా ఆయన. బండి గురించి తెలియదు కానీ నా నడుము గురించి నాకు తెలుసని చెప్పాను.

గద్వాలలో ఖాజా అనే ఆయన తన తెల్ల బండిని అమ్ముతున్నాడని కబురు వచ్చింది. కంపెనీ పేరు రాయను, చదివేవాళ్ళు కొట్టుకుంటారు. డీజిల్ బండి, మరీ పెద్దది కాదు, మధ్యరకం. అడిగింది రెండున్నర లక్షలు. ట్రయల్ ఎక్కడిదాకా అంటే అత్తమ్మ వెంటనే అందుకుంది, ఉప్పునుంతల దిక్కు పోదాం, మణెమ్మను చూసొద్దాం అని. మణెమ్మ అత్తమ్మ చెల్లెలి కూతురు. భర్త బాలరాజు పుణేలో బిల్డింగు పనికి పోయాడు. ప్రతి ఆదివారం ఊర్లో కిరాణా కొట్టుకు ఫోన్ చేసేవాడు, నెల రోజులుగా ఫోన్ లేదు. అత్తమ్మకు ఆ దిగులు నిద్ర పట్టనివ్వడం లేదు. పిల్లలకు పరీక్షలు కాబట్టి వాళ్ళను తోడికోడలికి అప్పగించి, ఒక శనివారం పొద్దున మొదటి బస్సుకు మేం ముగ్గురం బయలుదేరాం.

పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరేసరికి ఎనిమిదైంది. ఖాజాభాయ్ బస్టాండు దగ్గరే ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి, మాట తక్కువ. బండి ముందు సీట్లు బాగా నలిగిపోయాయి, స్టీరింగు తోలు అరిగి నున్నగా మెరుస్తోంది. కానీ వెనక డోరు తీసి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదురెదురుగా ఉన్న ఆ చివరి సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు. కింద ఇనుప రేకు కడిగి కడిగి తెల్లబడింది. "చూసినవా, వెనక ఎవ్వరు కూసోలేదు, కొత్త బండి లెక్కుంది" అని మా ఆయన మురిసిపోయాడు. ఖాజాభాయ్ సీటు కవరు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. నేను ఎక్కి కూర్చున్నాక డోరు బయటనుంచి వేశాడు. లోపల గడియ పట్టుకుని తిప్పబోతే గడియే లేదు. ఇది ఒక మైనస్, అని మనసులో రాసుకున్నాను. ఆ వెనక భాగమంతా కర్పూరం వాసన, దాని అడుగున ఫినాయిల్ వాసన.

ఊరు దాటి ధరూర్ రోడ్డెక్కాం. చివరి సీటు గురించి నిజం చెప్పాలంటే, మోకాళ్ళకు చోటుంది, తలకు లేదు, ఏసీ గాలి అక్కడిదాకా రాదు. పక్కకు తిరిగి కూర్చోవడం వల్ల రోడ్డు అడ్డంగా పరిగెడుతుంటే కడుపులో తిప్పుతుంది. కానీ కాసేపటికి నేను ఇవన్నీ మర్చిపోయి రోడ్డునే చూడసాగాను. బండి కనిపించగానే ఎదురొచ్చే మోటారు సైకిళ్ళు ఆగిపోతున్నాయి. ఒక షేరాటో డ్రైవరు ఆటోను పక్కకు తీసి, పాట ఆపేశాడు. పత్తికట్టె పీకుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి నిలబడి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళెవరూ డ్రైవరును చూడడం లేదు. బండి దాటిపోయేదాకా వెనక అద్దం వైపే చూస్తున్నారు, అంటే నా వైపే. నేను మర్యాదకు ఒకసారి చెయ్యి ఊపాను. ఒకామె ముఖం తిప్పేసుకుంది.

"నిన్ను అందరు గుర్తువడుతున్నరే ఖాజాభాయ్" అన్నాడు మా ఆయన.

"బండిని గుర్తువడ్తరు సార్" అన్నాడతను.

జూరాల డ్యామ్ దగ్గర చేపలు వేయించే గుడిసెల ముందు ఆగాం. ఇటు వచ్చేవాళ్ళు ఇక్కడ చేప తినకుండా పోవద్దు, ప్లేటు ముప్ఫై రూపాయలు, ముల్లు తీసి కారం పట్టించి అప్పటికప్పుడు వేయించి ఇస్తారు. అత్తమ్మ శనివారాలు తినదు, టీ తాగింది. పెనం దగ్గర ఉన్నామె మమ్మల్ని చూసి పలకరించలేదు. గరిటె పక్కన పెట్టి ఖాజాభాయ్ దగ్గరికి నడిచి మెల్లగా అడిగింది.

"ఎవరిది?"

"ఎవరిది గాదు. ఉత్త ట్రయలు."

"బండి జర దూరం వెట్టు భాయ్. గిరాకి రాదు." అతను బండిని చాలా దూరం తీసుకుపోయి పెట్టాడు. మేం తిని మళ్ళీ ఎక్కబోతుంటే ఆమె చెయ్యి తుడుచుకుంటూ వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెందుకక్కా ఎనక కూసున్నవ్? ముందట పో. ఆడ కూసోకు." ఎందుకు అని అడిగితే పెనం దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు మొండితనం ఎక్కువ. కూర్చోవద్దన్నారని లేచిపోతే ట్రయల్ ఎట్లా అవుతుందని మళ్ళీ అక్కడే కూర్చున్నాను. కూర్చున్నాను కానీ కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాను. కింద రేకు మీద కాలు పెట్టబుద్ధి కాలేదు.

డ్యామ్ దాటి ఆత్మకూరు మీదుగా మళ్ళీ వనపర్తి, అక్కడినుంచి నాగర్‌కర్నూల్. వెయ్యి రూపాయల డీజిల్ పోయించాం, అందులో సగం కూడా కాలేదు. ఈ లెక్కన మైలేజీకి వంక పెట్టలేం. గుంతల్లో కూడా బండి ఒళ్ళు అదరకుండా నడిచింది. నాగర్‌కర్నూల్‌లో పన్నెండున్నరకు మెస్సులో భోంచేశాం, మనిషికి పాతిక రూపాయలు, పచ్చిపులుసు బాగుంది. ఖాజాభాయ్ మాతో కూర్చోలేదు. చెట్టు కింద నిలబడి సిగరెట్టు తాగుతుంటే నేను పోయి, ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నావని అడిగాను.

"మా ఇంట్ల ఎవ్వరు ఎక్కరక్కా" అన్నాడు. "మా బిడ్డ అయితే తలుపు సుత ముట్టది. స్కూలుకు ఎండల నడిచి పోతది గని ఎక్కది." ఏసీ పడదేమో అనుకున్నాను. అప్పుడైనా నాకు తట్టలేదు.

తెల్కపల్లి దాటాక ఊర్లు మారిపోయాయి. మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద పిట్ట కూడా లేదు. చాలా ఇళ్ళకు తాళాలు, తాళాల ముందు ముళ్ళకంపలు అడ్డం పెట్టి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ పనికి వలస పోయినప్పుడు గొడ్లు, కుక్కలు దూరకుండా అట్లా కంప పెట్టి పోతారు. మణెమ్మ వాళ్ళ ఊరు ఇంకో మలుపు తిరిగితే వస్తుందనగా ఖాజాభాయ్ బండి ఆపాడు.

"సార్, నేను ఈడనే ఉంట. మీరు నడిచి పోయి రాండ్రి."

"ఊర్ల బాట మీద ఎట్ల పోతదో సూడకుంటె ట్రయలేంది?" అన్నాడు మా ఆయన.

"వద్దు సార్. గా ఊర్లెకు నేను మస్తు సార్లు వచ్చిన."

"మంచిదే గదా, తొవ్వ తెలుసు. పోనియ్యి." అత్తమ్మ కూడా మోకాళ్ళు నొస్తున్నాయని విసుక్కుంది. ఖాజాభాయ్ ఒక్క క్షణం స్టీరింగు మీద నుదురు ఆనించి, తర్వాత గేరు వేశాడు.

వెనక అద్దంలోంచి నేను ఊరిని చూశాను. ముందు ఒక ముసలాయన అరుగు మీదినుంచి లేచాడు. తర్వాత పక్కింటివాళ్ళు. ఎవరూ అరవలేదు, ఎవరూ పరిగెత్తలేదు. బండి పోతున్నకొద్దీ ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరు బయటికొచ్చి బండి వెంట నడవడం మొదలుపెట్టారు. నాకు వినిపించేది వాళ్ళ చెప్పుల చప్పుడే. దాటేసిన ఇళ్ళ ముందు ఆడవాళ్ళు గుమ్మం పట్టుకుని కూలబడి, పైకి చూసి దండం పెట్టుకుంటున్నారు. బండి తమ ఇంటి ముందు ఆగలేదు కాబట్టి దండం పెడుతున్నారని నాకు అప్పుడు తెలియదు.

బండి మణెమ్మ ఇంటి ముందు ఆగింది.

మణెమ్మ వాకిట్లో పల్లికాయ వొలుస్తోంది. తలెత్తి బండిని చూసింది. చేట పక్కన పెట్టింది, లేచింది, రెండడుగులు వేసింది. ముందు డోర్లు తీసుకుని అత్తమ్మా, మా ఆయనా దిగారు. మణెమ్మ వాళ్ళను చూడగానే, "పెద్దమ్మా, నువ్వే తెచ్చినవా" అంది. అత్తమ్మకు అర్థం కాక, "నేనే వచ్చిన బిడ్డా" అంది. అంతే, మణెమ్మ మట్టిలో కూలబడిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు శోకం ఎత్తుకున్నారు. నేను లోపలినుంచి అద్దం మీద కొట్టాను, డోరు తీయమని. ఆ చప్పుడు వినగానే శోకం ఆగిపోయింది. ఊరంతా ఆ డోరు వైపు చూస్తోంది, ఎవరూ ముందుకు రావడం లేదు. ఖాజాభాయ్ వచ్చి డోరు తీశాడు. నేను కాళ్ళు కిందికి వేలాడేసి దిగాను. ఒక పెద్దామె నన్ను చూసి స్పృహ తప్పి పడిపోయింది.

ఆ వెనక డోరులోంచి ఇప్పటిదాకా ఆ ఊర్లో బతికున్న మనిషి దిగలేదట. ముసలాయన చెబితే తెలిసింది. పుణేలో, బొంబాయిలో పనికి పోయిన పాలమూరు కూలీలు సెంట్రింగు మీదినుంచి పడో, జ్వరమొచ్చో చచ్చిపోతే ఇంటికి తెచ్చే బండి అది. వేరే డ్రైవర్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా వాళ్ళు అడిగినంత ఇంటివాళ్ళు ఇచ్చుకోలేరు. ఖాజాభాయ్ వెనక సీట్లు విప్పి ఇంట్లో పెట్టి, డీజిల్ ఖర్చుకే పోయి తెస్తాడు. అందుకే ఆ సీట్లు అంత కొత్తగా ఉన్నాయి. పొద్దుటినుంచీ నేను ఎవరి చోట్లో కూర్చుని మోకాళ్ళకు చోటు కొలుచుకుంటున్నానో తెలిసి సిగ్గేసింది.

ఎవరూ రాలేదు, ఉత్తగానే చూడ్డానికొచ్చాం అని మేం ఎంత చెప్పినా మణెమ్మ నమ్మలేదు. లేచి బండి లోపలికి దూరి, సీట్ల కింద చేతులతో తడిమింది. "దాస్తుండ్రు. నెల దినాల సంది ఫోన్ లేదు. నాకు తెల్వదా" అంది. ఖాజాభాయ్ సెల్ తీశాడు. బాలరాజును తీసుకుపోయిన గుంపు మేస్త్రీ నంబరు అతని దగ్గరుంది. మేస్త్రీలందరి నంబర్లూ ఉన్నాయి. ఫోన్ మోగుతున్నంతసేపూ ఊరంతా అతని చుట్టూ దగ్గరికి జరిగింది. "మేస్త్రీ, నేను ఖాజాను" అన్నాడు. అవతల మేస్త్రీ గొంతు నాకూ వినిపించింది.

"ఖాజాభాయ్, నేను నీకు చెయ్యలేదు గదా. నువ్వెందుకు చేసినవ్? మా దాంట్ల ఎవరికేమైంది?"

"ఏం గాలేదు. బాలరాజును పిలువు. బాలరాజు ఉన్నడా?"

మేస్త్రీ అటునుంచి కేక వేశాడు. జవాబు లేదు. మళ్ళీ కేక. ఎక్కడో ఇనుప కడ్డీలు పడిన మోత. ఖాజాభాయ్ చెవికి అంటించుకున్న ఫోన్‌నే మణెమ్మ చూస్తోంది. అతను ఉన్నట్టుండి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు విన్నది.

"సావలే గదా" అంది చివరికి. "మరి ఫోన్ చెయ్యనీకి నీకేం రోగం?"

అప్పుడు ఏడ్చింది. పనిచోటు మారిందట, ఫోన్ నంబరు రాసుకున్న కాగితం నీళ్ళలో తడిసిపోయిందట, ఇంకేవో చెప్పాడట. మణెమ్మ ఇచ్చిన మజ్జిగకు ఉప్పుందో లేదో కూడా నాకు తెలియలేదు. బయలుదేరేముందు ముసలాయన ఖాజాభాయ్ దగ్గరికి వచ్చాడు. "బండి అమ్ముతున్నవంట. మరి మావోళ్లను ఎవరు తెస్తరు భాయ్?" ఆ ప్రశ్నకు మా ఆయన నా వైపు చూశాడు.

నాగర్‌కర్నూల్ దగ్గర పడుతుండగా ఖాజాభాయ్ ఫోన్ మోగింది. నంబరు చూసి ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది. "ఎత్తు భాయ్" అన్నాను నేను, "మేం బండి కొంటలేం." అతను పక్కకు ఆపి ఎత్తాడు, విన్నాడు, ఒకే ఒక్క మాట అడిగాడు, ఏ ఊరు అని. ఇటిక్యాల దిక్కట. బస్టాండు ముందు మేం దిగిపోయాం. అతను పానా తీసి వెనక సీట్లు విప్పుతుంటే మా ఆయన ఇంకో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వాటిని పైన క్యారియర్‌కు కట్టారు. అత్తమ్మ బండికి దండం పెట్టింది. మేం వనపర్తి బస్సెక్కాం.

వానాకాలంలో మేం వేరే బండి కొన్నాం, అదీ ఏడుగురు పట్టేదే. మంచిదే, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బండి అంటే మనకు పిల్లలు, పులిహోర డబ్బాలు, కిటికీ సీటు కోసం కొట్లాట. అదే ఆకారం మలుపు తిరిగి వస్తుంటే ఆ ఊర్లలో ప్రతి ఇల్లాలూ తన గుమ్మం ముందు ఆగకూడదని మొక్కుకుంటుందని నేను అంతకుముందు ఎరుగను. ఇప్పుడు తెలిసింది, మరిచిపోదామన్నా కుదరడం లేదు. మా పిల్లలు వెనక సీటెక్కి నవ్వుతుంటే ఒక్కోసారి నాకు ఊరికే భయమేస్తుంది.

ఈ దిక్కు ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. తెల్కపల్లి దాటాక ఊర్లలోకి పెద్ద బండిలో పోతే, ఊరు ఇంకా రాకముందే అద్దాలన్నీ దించండి. ఏసీ పోతే పోనీయండి. పిల్లలను గట్టిగా మాట్లాడనివ్వండి, వెనక సీట్లో ఉన్నవాళ్ళు ముఖం బయటికి కనిపించేట్టు కూర్చోండి. లోపల ఉన్నది బతికున్నవాళ్ళేనని అక్కడి ఆడవాళ్ళకు దూరంనుంచే తెలియాలి.