బాపు కాపలా కాసిన మడుగు

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో మా నాయకపోడు గూడెం కింది వాగు మడుగులో కొర్రమట్ట చేపలు కరువయ్యాయి. ఎక్కడెక్కడివాళ్లో బొగ్గుబాయిల్లో రాయి పగలేసే తూటాలు తెచ్చి నీళ్లలో పేల్చేవారు. చేపతో పాటు గుడ్డూ పోయేది. బాలింతకు మొదటి ముద్ద కొర్రమట్ట పులుసుతోనే పెట్టాలని మావాళ్ల పట్టు. మా అక్క తొలికాన్పు నాటికైనా చేప ఉండాలని, గూడెం పెద్దయిన మా బాపు మడుగును దేవత పేర కట్టేశాడు. గాలం వేయొద్దు, వల వేయొద్దు. వేరే వాగుల్లోంచి జంటలను పట్టి, కుండల్లో మోసుకొచ్చి వదిలాడు. తినే చేపను నీళ్లు పోసి మోస్తున్నాడని పక్క ఊరివాళ్లు పడీపడీ నవ్వారు.

చేప నిలబడింది. మాకు ఏది కొత్తగా చేతికొచ్చినా దేవతకు చూపి, ఆ వేళకు వచ్చిన చుట్టానికి పెట్టాకే మేం ముట్టాలి. మా అదృష్టం కొద్దీ, మడుగులో తొలిసారి చేప పట్టిన రోజు వచ్చిన చుట్టం చేపల ఆఫీసరు. జీపు దిగాడు, తొలి చేప తిన్నాడు, వేళ్లు నాకాడు. ఇన్ని చేపలున్న మడుగు సర్కారు లెక్కలో లేదని, పాపం, చాలా బాధపడ్డాడు. ఆయన బాధ ఊరికే పోలేదు. నెల తిరగకుండానే మడుగు హర్రాజైంది. చేపలు లేనన్నాళ్లూ అది ఎవరిదని ఎవరూ అడగలేదు.

వేలం పాట పాడి మడుగు దక్కించుకున్న మంచిర్యాల గుత్తేదారు తెలివైనవాడు. మడుగు గుట్టు తెలిసిన మా బాపునే కాపలా పెట్టాడు. ఎవరినుంచి కాపాడాలంటే, మానుంచే.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఒక్క చేప తెమ్మని, మమ్మల్ని కన్న అవ్వ బాపును పంపింది. పొద్దుగూకే వేళకు ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. గుత్తేదారుకు జడిశాడని అవ్వ ఎత్తిపొడిచింది.

"వానికెందుకు జడుస్త? కనవడ్డదల్లా పిల్లలెంటేసుకొనే తిరుగుతున్నది. కొట్టబుద్ధి గాలే" అన్నాడు బాపు.

"నీ బిడ్డకు సుత పిల్లున్నది" అన్నది అవ్వ.

అక్క ఆ పూట ఉలవకట్టుతో తిన్నది. నాకు బాపు మీద పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు గుత్తేదారు మనుషులు వలలు దించారు. ఏది తల్లి చేపో చూసే తీరిక వాళ్లకు లేదు. చూద్దామని వెళ్లిన మమ్మల్ని, కర్ర అడ్డం పెట్టి, బాపే దగ్గరికి రానివ్వలేదు.