పాప భుజం మీద సాలీడు

ఈ పరాయి దేశంలో మేముండే కనాటా ఊరి బస్సులో పక్క సీటు పెద్దాయన నా కూతురి భుజం దాకా కెమెరా తెచ్చేసరికి పాపని నావైపు లాక్కున్నాను.

"అడక్కుండా పిల్లని ఫోటో తీస్తారేంటి?" కంగారులో తెలుగులోనే అరిచాను.

"పిల్లని కాదమ్మా, సాలీడుని. పొద్దుట్నించి అడవిలో నడక దారి, ట్రైల్‌లో వెతికినా ఇలాంటిది దొరకలేదు," అన్నారాయన, తాపీగా, తెలుగులోనే.

"పాకితే పొక్కులొస్తాయి, ముందు దులపండి అంకుల్."

"మా అమ్మా అదే చెప్పేది. నా చేతుల మీద ఎన్ని పాకాయో. ఒక్క పొక్కూ రాలేదు."

ఫోటో చూపించారు, సాలీడు ఎనిమిది కళ్ళూ కనిపించేలా. "ఎయిట్ ఐస్, మమ్మీ," అని పాప మురిసిపోయింది. ఆయన సాలీడుని అరచేతిలోకి ఎక్కించుకుని, సారీ అన్న మాటైనా లేకుండా తర్వాతి స్టాపులో దిగిపోయారు.

మర్నాడు పొద్దున పాపకీ, ఆ రోజు ఇంట్లోనే ఉన్న బాబుకీ చెప్పాను: "పొక్కుల సంగతి నేను విన్నదే, చూసింది కాదు. అడక్కుండా ఎవరైనా మీ మీదికి కెమెరా తెస్తే మాత్రం గట్టిగా అరవండి."