సముద్రానికి రఫూ

సూరత్‌లోని పాండేసర మిల్లులో ఇరవై ఏళ్లు చీరల తెంపులు రఫూ చేశాను. నడుము పట్టేశాక ఒక ఆఫీసులో టీ పెట్టే పనికి కుదిరాను. ఓడ మీది నుంచి సముద్రం అడుక్కి శబ్దం పంపితే, నేల పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనులను అక్కడ కంప్యూటర్లో శుభ్రం చేసి, పొడవాటి కాగితం మీద గీతలుగా అచ్చు వేస్తారు. వాటిని చూసి చమురు ఎక్కడుందో చెబుతారు. నా కంటికి అది చారల చీర.

అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఏడాది. నా గీత వణకదని ఆఫీసులో పేరు. అందుకే, సూరత్‌లో పెరిగిన మన తెలుగు ఇంజనీరమ్మాయి నా చేతికి పెన్సిళ్లు ఇచ్చింది.

"పెద్దమ్మా, గీ గీతలు జర చివరిదాకా దిద్దు. మూడింటికి పెద్దసాబ్ మీటింగ్. మంచిగయితెనే నా నౌకరీ పక్కా. లేకుంటే ఛుట్టీ."

దిద్దాను. నడుమ గీతలు తెగి, అవతలి కొసలు నాలుగు వేళ్లు కిందికి జారి ఉన్నాయి. చూస్తూ ఎలా ఊరుకోను? అతుకు కనబడకుండా కలిపేశాను. అలాంటివి ఏడు చోట్ల.

మీటింగులో కాగితం పరచగానే పెద్దసాబ్ మురిసిపోయాడు. "వాహ్, ఏక్‌దమ్ సాఫ్!" ఇక్కడ తెంపే లేదని తాను మొదటి నుంచీ అంటున్నాడట. ఆయన పక్కన కూర్చున్నాయన నా అతుకు వంపు చూసి, అది పాతకాలం నది పారిన జాడ అన్నాడు. అందరూ తలలూపారు.

అమ్మాయి నన్ను పక్కకు లాగింది. "ఏంజేసినవ్ పెద్దమ్మా?"

"తెగింది, అతికిన."

"గది నేల పొరలు తెగిన జాగ. చమురు ఆగేదే ఆ తెంపు కాడ!"

ఊరుకుంటే అమ్మాయి నౌకరీ నిలిచేది. కానీ ఆ పిల్ల చెప్పాలనుకున్నది ఆ తెంపు గురించే. టీ పళ్లెం కింద పెట్టి, అతికింది నేనేనని హిందీలో చెప్పేశాను.

పెద్దసాబ్ కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు. ఒక్క అతుకూ దొరకలేదు. "ఝూఠ్!" అని నా మాట కొట్టేశాడు. రబ్బరు తీసుకుని ఒకటి చెరిపాను. నది పోతోందని పక్కాయన నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని మరో ఐదు చెరిపాను. ఏడోది నాకే దొరకలేదు.

బావి తవ్వాల్సింది అక్కడే. అమ్మాయి కాగితం వదిలేసి అసలు గీతలున్న కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పింది. ఏడో తెంపు మీద వేలు పెట్టి, చమురు దాన్ని దాటి ఎందుకు పోలేదో చెప్పింది. పెద్దసాబ్ తెర దగ్గరికి వంగి చూసి, "తవ్వాల్సిన చోటు ఇదే, రిపోర్టు నువ్వే రాయి" అన్నాడు.

నది ఆయన మాత్రం టీ తాగకుండా లేచిపోయాడు.