ఎర్ర దారం కట్టిన వంగ వేర్లు

మా ముత్తాత జగిత్యాల వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గడీ మెట్ల మీద నిలబడితే వచ్చినవాళ్లు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. నా దాకా వచ్చినవి ఇంటిపేరూ, నిటారుగా కూర్చునే అలవాటూ. 2020 సెప్టెంబరులో నేను సూరత్‌లోని ఒక వ్యవసాయ ప్రయోగశాలలో నెమటోడ్ల నిపుణుడిని. మొక్కల వేర్లలో చేరి బతికే, కంటికి ఆనని నులిపురుగులవి.

ఒక ఉదయం సూరత్‌లోనే ఉన్న గోడాదరా పేట నుంచి లచ్చవ్వ వచ్చింది. సిరిసిల్ల వైపు మనిషి. లాక్‌డౌన్‌లో సాంచెల పని, అంటే మరమగ్గాల పని పోతే, నగరం బయట జోల్వా దగ్గర అరెకరం కౌలుకు పట్టి వంగ వేసింది. తోట వాడిపోయింది. బుడిపెలు కట్టిన వేర్లు తెచ్చింది. ఒక్కో మడి వేర్లకు ఒక్కో రంగు దారం ముడి వేసి ఉంది.

"సారూ, నాలుగొద్దులల్ల టమాట నారు వస్తది. పురుగును తట్టుకునే రకమన్నరు. పెట్టాల్నా, వద్దా? గిది గూడ పోతే సామాను సర్దుకొని ఊరికి పోవుడే."

బుడిపెలు చేసే పురుగుల్లో చాలావాటిని ఆ టమాటా తట్టుకుంటుంది. జామ మొక్కలతో వచ్చే ఒక జాతిని మాత్రం ఆపలేదు. మైక్రోస్కోప్‌లో ఆ జాతిని మామూలుదానితో పోల్చి తేల్చడం కష్టం. తేల్చేది డీఎన్‌ఏ మార్కర్, అంటే జాతిని బట్టి పొడవు మారే డీఎన్‌ఏ ముక్క. దాన్ని పీసీఆర్ యంత్రంలో లక్షల నకళ్లు తీసి, జెల్ అనే జిగురు పలకలో నడిపిస్తే, ఒక్కో జాతికి ఒక్కో చోట గీత పడుతుంది.

"పీసీఆరా? మాకు ముక్కుల పుల్ల పెట్టింది గదే గద! పురుగుకు ముక్కెక్కడుంటది సారూ?"

నేను నవ్వలేదు. ఒకే తోట, ఒకే పురుగు అనుకుని దారాలు పారేసి వేర్లన్నీ కలిపి కడిగాను.

మర్నాడు జెల్ కింద దీపం వేయగానే కుర్చీలోంచి లేచాను. ఒక గీత ఉండాల్సిన చోట రెండు! అరెకరంలో రెండు జాతులు! అంతకు ముందెన్నడూ నా జెల్‌లో అలా పడలేదు. ఆ సంబరంలో అరగంట గడిచాక తోచింది, ఏ మడిలో ఏది ఉందో చెప్పలేనని.

జోల్వా వెళ్లాను. తప్పు ఒప్పుకోవడం మా ఇంట అలవాటు లేదు. ఒప్పుకున్నాను. నా ఇంటిపేరు ఆమెకు తెలుసు.

"సాంచెల మీద దారం తెగితే ఏ దారపు కోన్ ఖరాబుందో సూస్తం. అన్ని కోన్‌లు ఒక్క గంపల కలుపుతమా? దొరల బిడ్డలు, మట్టి ముట్టిన అలవాటు లేకపాయె."

"పార ఇటివ్వు."

"జర మెల్లగ దొరా, వేర్లు తెగుతయి."

ఎనిమిది మళ్లలోనూ ఇద్దరం తవ్వాం. ముడులు ఆమే వేసింది. ఈసారి ఒక్కో ఆడ పురుగును ఒక్కో ట్యూబులో వేశాను. మర్నాటికి ఆరు మళ్లకు మామూలు గీత పడింది. ఎరుపు, నీలం దారాల మళ్లకు గీత బాగా కిందికి, జామ జాతి చోటుకు దిగింది. పక్క చేలోని జామ మొక్కలను ఆనుకున్న మళ్లవే! వెంటనే లచ్చవ్వకు ఫోన్ చేశాను.

"ఎరుపు, నీలం మళ్లలో టమాటా వద్దు, పల్లి వెయ్యి. దాని మీద ఈ పురుగు బతకలేదు."

"కడమ ఆరు మళ్లల్ల?"

"పెట్టుకో. ఆ రెండింటి నీళ్లు వీటిలోకి రానీయకు. పార కడిగి వాడు."

అప్పటినుంచి రైతు వేసిన ముడిని, అది ఏ మడిదో రాసుకోకుండా విప్పలేదు. ఆరు మళ్లలో టమాటా నిలిచింది. తక్కిన రెండు మళ్లకని తెప్పించిన టమాటా నారును లచ్చవ్వ ఆ వారమే దగ్గర్లోని పల్సానా రైతుకు అమ్మేసింది.