కోడలు ఎత్తిపట్టిన తలుపులు

మేస్త్రికి చూపు పూర్తిగా పోయేనాటికి ఇంటి పక్క రేకుల పందిట్లో ఉన్న కారుకి తలుపులు లేవు.

నాలుగింటినీ ఆయనే విప్పాడు. సొట్టలు తీసి, రంగు వేయించి, పాత దుప్పట్లు చుట్టి వెనక గదిలో గోడకి చేరవేశాడు. ఇక బిగించడమే తరువాయి అనుకుంటుండగా కళ్ళలో నీటికాసులు ముదిరాయి. మొదట పక్కలు మసకబారాయి, చూస్తుండగానే మధ్యలో ఉన్న కాస్త వెలుగూ ఆరిపోయింది. డాక్టరు చేయగలిగినదంతా చేశాడు. మేస్త్రి షెడ్డు మానేసి ఇంట్లో కూర్చున్నాడు.

గుద్దుకున్న కార్ల రేకు సాపు చేయడం ఆయన వృత్తి. అందులోనూ తలుపులు కూర్చోబెట్టడంలో ఆయనది అందె వేసిన చేయి. ఈ కారు కూడా అలా వచ్చిందే. గుండ్రటి వీపూ ఉబ్బిన బుగ్గలూ ఉన్న పాత మోడలు. సొంతదారు ఇక వద్దని షెడ్డులో వదిలేస్తే తుక్కు కింద పోకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. సెలవు వస్తే చాలు దాని కిందే ఉండేవాడు. భార్య దాన్ని ‘నా సవతి’ అనేది. పిలవగానే బయటికి రాకపోతే, ‘‘సవతి వదిలితే వచ్చి అన్నం తినండి’’ అని కేకేసేది. చూపు పోయాక ఆ మాట అనడం మానేసింది. మానేసిందని ఆయనకి తెలుసు. తెలిసి ఇంకా కుంగిపోయాడు.

కొడుకు లారీ డ్రైవరు, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. కోడలు సిటీ బస్సులో కండక్టరు. రోజంతా కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్లు ఇచ్చే మనిషి. బలానికి బలం, నోటికి నోరు. పెళ్ళయి వచ్చాక మామగారితో ‘తిన్నారా, మందు వేసుకున్నారా’ అన్నదానికి మించి మాట్లాడే సందర్భం ఆమెకి రాలేదు.

ఒక సెలవు రోజున నిచ్చెన కోసం వెనక గదిలోకి వెళ్ళింది. దుప్పటి జారి ఒక తలుపు బయటపడింది. నిగనిగలాడే ముదురు నీలం. నిచ్చెన సంగతి మరిచిపోయి అరుగు మీదికి వచ్చింది.

‘‘మావయ్యా, ఆ తలుపులు ఎవరు బిగిస్తారు?’’

‘‘బిగించేవాడు పోయాడమ్మా.’’

‘‘పోలేదు. నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు.’’

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. ‘‘తలుపు బిగించడం ఒక్కడి పని కాదు. ఒకరు ఎత్తి పట్టుకోవాలి, ఒకరు బోల్టు ఎక్కించాలి. పైగా సందు సమంగా ఉందో లేదో చూసి చెప్పాలి.’’

‘‘ఎత్తేది నేను, చూసేది నేను. బిగించేది మీరు. ఇంకేం కావాలి?’’

మేస్త్రి గ్లాసు పక్కకి జరిపి లేచాడు.

ఆ రోజే మొదలుపెట్టారు. మొదట వెనక తలుపు పెట్టాలన్నాడాయన. వెనక వైపు బాడీ కదలదు కాబట్టి మొదట దానికి ఈ తలుపు కుదిరితే, దీన్ని చూసి ముందు తలుపు కుదురుతుంది. జాకీ మీద చెక్క, చెక్క మీద మడత పెట్టిన బొంత, దాని మీద తలుపు. కోడలు తలుపుని పొట్టకి ఆనించుకుని పట్టుకుంది. మేస్త్రి వేలికొసతో బోల్టు రంధ్రాలు వెతుక్కుంటూ ఒక్కొక్క బోల్టూ ఎక్కించాడు. తలుపు మూస్తే చక్కగా కూర్చుంది. ‘‘బ్రహ్మాండం మావయ్యా’’ అంటూ ఆమె మళ్ళీ తెరిచింది. తెరవగానే తలుపు కిందికి జారింది. తిరిగి మూస్తుంటే అంచు గీరుకుపోయింది.

ఆ చప్పుడు మేస్త్రి గుండెలో గుచ్చుకుంది. ‘‘కళ్ళున్నదానివే కదా, చూసుకోవద్దా?’’ అని అరిచేశాడు.

ఆమె తన చేతిలో ఉన్న పానా ఆయన అరచేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న భార్య, ‘‘ముందు ఆ నోటికి బిగించండి తలుపు. కారు సంగతి తరవాత’’ అంది.

మర్నాడు కోడలు డ్యూటీకి వెళ్ళాక మేస్త్రి గోడ పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. మనసు మనసులో లేదు. తలుపు తెరిచి, ఎదురుగా ఉన్న స్తంభాన్ని పైనుంచి కిందికి తడిమాడు. లాకు పట్టే కొక్కెం చేతికి తగిలింది. దాన్ని విప్పించనే లేదు. అది ఉన్నంతసేపూ మూసిన తలుపు దాని ఆసరాతో పైకి లేచి సమంగా ఉన్నట్టు నటిస్తుంది, తెరిస్తే అసలు వాలు బయటపడుతుంది. షెడ్డులో చేరిన ప్రతివాడికీ ఆయన మొట్టమొదట నేర్పే మాట ఇది. తనే మరిచిపోయి, ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

సాయంత్రం ఆమె వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడ్డాడు. చెప్పుల చప్పుడు వినగానే, ‘‘తప్పు నాదమ్మా’’ అన్నాడు. కొక్కెం సంగతి చెప్పాడు. ‘‘నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. నిన్న అలా మాట్లాడకుండా ఉండాల్సింది.’’

ఆమె సంచీ భుజం మార్చుకుంది. ‘‘బస్సులో అంతకన్నా పెద్ద మాటలే పడతాను మావయ్యా. కాకపోతే వాళ్ళు వాళ్ళ స్టాపులో దిగిపోతారు. మీరు ఇంటిమనిషి గదా, అందుకని కాస్త నొప్పేసింది.’’ సంచీ గేటుకి తగిలించి, ‘‘కొక్కెం విప్పాలంటే ఏ పానా కావాలి?’’ అని అడిగింది.

ఆ తరవాత సెలవు వస్తే చాలు ఇద్దరూ పందిట్లోనే. మొదట్లో ఆమె ‘కొంచెం పైకి, ఇంకొంచెం ఇటు’ అనేది. ‘‘నీ కొంచెం ఎంతో నాకెలా తెలుస్తుందమ్మా’’ అనేవాడాయన. క్రమంగా ఇద్దరికీ ఒక భాష కుదిరింది. సందులో అగ్గిపుల్ల పెట్టి చూసి, ‘‘కింద పుల్ల దూరుతోంది, పైన దూరట్లేదు’’ అని చెప్పేది. మేస్త్రి అంచు మీద వేలు పారించి, ‘‘ఇక్కడ పెదవి బయటికి వచ్చింది చూడు’’ అని, కింది కీలు వెనక సన్నటి రేకుముక్క దోపేవాడు. బోల్టు కాస్త వదులు చేయడం, ఆమె భుజంతో ఒక నెట్టు నెట్టడం, మళ్ళీ బిగించడం. అరంగుళంలో సగం కోసం ఒక పూట పోయేది. ఆ పూటలు ఆయనకి ఎలా గడిచేవో తెలిసేది కాదు. చేతులకి గ్రీజు అంటుకుని చాలాకాలమైంది మరి. అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో రుద్దుకుంటూ కూనిరాగం తీసేవాడు.

కొడుకు ఒకసారి ట్రిప్పు ముగించుకుని వచ్చి జాకీ మీద చేయి వేయబోయాడు. ‘‘మీరు స్నానం చేసి పడుకోండి. ఇది మా ఇద్దరి పని’’ అంది కోడలు. మేస్త్రి తల వంచుకుని నవ్వుకున్నాడు.

మూడు తలుపులు కుదిరాయి. డ్రైవరు వైపు ముందు తలుపు మాత్రం మొండికేసింది. ఎంత బిగించినా జారేది. మేస్త్రి దాన్ని కింద పట్టుకుని పైకి ఎత్తి చూశాడు. కీలులో టక్కుమంది. కీలు లోపలి ఇరుసు అరిగిపోయింది, అలాంటిది బజారులో దొరకదు. కోడలు ఆ కీలుని టికెట్ల సంచీలో వేసుకుని, డిపో వెనక లేతు మిషను నడిపే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఎవరి కారుదో చెప్పగానే ఆయన చేతిలో పని పక్కన పెట్టాడట. కొత్త ఇరుసు చేసి, వేసి, రెండుసార్లు తిప్పి చూసి ఇస్తూ, ‘‘మేస్త్రి గారు మళ్ళీ పానా పట్టారా? మంచి మాట చెప్పావమ్మా’’ అన్నాడట. ఆమె వచ్చి చెబితే మేస్త్రి చాలాసేపు ఆ కీలుని చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

ఆ తలుపూ ఎక్కింది. చివరగా కొక్కేలు బిగించారు. ‘‘నువ్వే వేయి’’ అన్నాడాయన. ‘‘మీరే వేయాలి’’ అందామె. మేస్త్రి రెండు వేళ్ళతో తోశాడు. తలుపు గలగలమనకుండా, మెత్తగా, ఒక్క మాట మాట్లాడినట్టు మూసుకుంది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టే అయింది.

‘‘ఇంకా ఎన్నిసార్లండీ’’ అంది భార్య.

ఆయన కోడలు ఉన్న వైపు తిరిగాడు. ఇంట్లోవాళ్ళకి ఇలాంటి మాటలు చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ తుడుచుకున్నాడు.

‘‘అమ్మాయ్, చూపుతోపాటు పనీ పోయిందనుకున్నాను. పని ఇక్కడే ఉంది. అడిగేవాళ్ళు లేక పడుకుంది. నువ్వొచ్చి లేపావు. చల్లగా ఉండమ్మా.’’

కోడలు ఆయన చేతిలోని గుడ్డ తీసుకుని, ‘‘ఎక్కండి మావయ్యా. కూర్చోకపోతే ఇంత కష్టపడి ఏం లాభం’’ అంది.

ఆ ఆదివారం కొడుకు కొత్త బ్యాటరీ వేసి స్టీరింగు పట్టాడు. మేస్త్రి ముందు సీటు కోడలికిచ్చి, భార్య పక్కన వెనక కూర్చున్నాడు. భార్య మొదట కొంగు లోపలికి లాక్కుని, ఆ తరవాత తలుపు తనే వేసుకుంది. అందరూ సర్దుకున్నారో లేదో కోడలు వెనక్కి తిరిగి చూసి, అలవాటు కొద్దీ ‘‘రైట్, రైట్’’ అనేసింది. కారంతా నవ్వులే. కారు వీధి మలుపు దాటింది. భార్య అద్దం కిందికి దించితే గాలి మేస్త్రి ముఖానికి కొట్టింది. ఆయన ఆమె చేయి పట్టుకున్నాడు. దారిలో ఏమేం కనిపిస్తున్నాయో ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే, ‘‘ఊఁ, తరవాత?’’ అంటూ వింటూ కూర్చున్నాడు.