టేకాకు మీద పాదం

నడవడానికే కొందరు సముద్రం దాటి పోతారని విన్నప్పుడు కోంటాలో అందరికంటే ఎక్కువ నవ్వింది సోమక్కే. బస్తర్ రాజ్యం రోజులవి. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని, డాక్టరమ్మ వెంట పన్నెండేళ్లుగా ఆమె అడవి ఊళ్లు తిరుగుతోంది. మద్రాసు నుంచి వచ్చిన ఆ డాక్టరమ్మకు జపానులో వ్యాపారం చేసే అన్న ఉన్నాడు. సెలవు పెట్టి అక్కడి కొండదారుల్లో నడవాలని ఆమె కోరిక.

"ఏం పని మీద నడుస్తరమ్మా?" అని సోమక్క అడిగింది.

"పనేమీ లేదు. ఊరికే."

"నెత్తిన బరువు?"

"ఉండదు. నువ్వూ రాకూడదూ? నువ్వు పక్కన లేకపోతే నాకు నడక సాగదు."

సోమక్క నవ్వు ఆగిపోయింది. ఆనాటి నుంచి ఆమెకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచేది. ఒకరోజు ఉత్త చేతులతో శబరి ఒడ్డు దాకా నడిచి చూసింది. నెత్తిన పెట్టె ఉంటే తల ఎత్తడం కుదరదు. ఎన్నేళ్లుగానో తెలిసిన దారిలో చెట్ల కొసలను మొదటిసారి చూసింది. ఎందుకో భయమేసి వెనక్కి వచ్చేసింది. మర్నాడు మళ్లీ వెళ్లింది.

చెల్లెలు బుల్లమ్మకు ఇదంతా వేళాకోళం. ఆమె మా ముత్తవ్వ. ఈ సంగతులు మా ఇంట్లో ఆమె నోటనే నిలిచాయి.

"నడుసుడుకు జపాను దాకా ఏందక్కా? సుక్మా సంతకు పోయి రా, ఉప్పన్నా తెస్తవు."

"ఉప్పు తెస్తే అది పనైతదే, పిచ్చిదానా!"

డాక్టరమ్మ ఒక్క షరతు పెట్టింది. అక్కడ చలి, రాళ్లు, బూట్లు తప్పవు. బూట్లు తొడుక్కుని ఐదు కోసులు, అంటే పది మైళ్లు, నడిచి చూపిస్తేనే టికెట్టు. వాటిని రాజమండ్రిలో కుట్టించాలి, పాదం కొలత గీసి పంపమంది. రాజమండ్రి పడవ బయల్దేరే పొద్దున డాక్టరమ్మ ఊళ్లో లేదు. అంత పెద్ద కాగితం ఎక్కడా దొరకలేదు. సోమక్క పచ్చి టేకాకు కోసి, దాని మీద పాదం మోపి, చుట్టూ బొగ్గుతో గీసి, పడవ నడిపే లచ్చు చేతికిచ్చింది.

రాజమండ్రి చేరేసరికి ఆకు ఎండి ముడుచుకుపోయింది. కుట్టేవాడు ఆ గీతనే నమ్మాడు. నెలకు వచ్చిన బూట్లు బొటనవేలి మందం పొట్టి.

"ఎండుటాకుకు కుట్టిండు అక్కా! పోయి ఆ ఆకుకే తొడుగు!" బుల్లమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఓడకు ఇరవై రోజులే ఉన్నాయి. మళ్లీ కుట్టించే వ్యవధి లేదు. సోమక్క తోలుకు ఆముదం పట్టించింది. లోపల తడిసిన వడ్లు కుక్కి ఉబ్బించింది. వెడల్పు సాగింది గానీ పొడవు సాగలేదు. వేళ్లు ముడుచుకుని రోజూ నడిచేది. గోళ్లు నల్లబడితే పసుపు మెత్తింది. ఎలా ఉన్నాయని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా "మంచిగున్నయమ్మా" అనేది.

నడిచి చూపించాల్సిన రోజు రానే వచ్చింది. మూడో కోసులో ఆమె కాలు కదలలేదు. డాక్టరమ్మ ముందు నడుస్తోంది. సోమక్క రాతి మీద కూలబడి, నడుముకున్న కొడవలి తీసి, రెండు బూట్ల ముందు భాగాలూ కోసేసింది. వేళ్లు బయటికొచ్చాయి. లేచి పరుగున వెళ్లి కలుసుకుంది.

"కొత్త బూట్లే!" అంది డాక్టరమ్మ నిర్ఘాంతపోయి.

"పొట్టివి వచ్చినయమ్మా. చెప్తే వద్దంటరని అబద్ధమాడిన."

"చలికి వేళ్లు బిగుసుకుపోతే?"

"ఉన్ని చుట్టుకుంట. ఇంక రెండు కోసులుంది, నడవండి."

మిగిలిన దారంతా సోమక్కే ముందు నడిచింది, వెనక డాక్టరమ్మ అడుగుల చప్పుడు వింటూ, అది ఆగుతుందేమోనని బెదురుతూ. చివర డాక్టరమ్మ నేల మీద కూర్చుని ఒక్కో వేలూ నొక్కి చూసింది.

"ఈ రెండు గోళ్లు ఊడిపోతాయి."

"ఓడల నడిచేది లేదు గదమ్మా. దిగే యాళ్లకు కొత్తయి మొలుస్తయి."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. టికెట్టు కోసం ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాసింది. తపాలా బంట్రోతు రేపు వస్తాడని చెప్పినా వినకుండా, సోమక్క దాన్ని రవికలో దోపుకుని, కుంటుతూ, ఎవరు పలకరించినా ఆగకుండా, తపాలా కచేరీలో తానే ఇవ్వడానికి బయల్దేరింది.